కారు వెనుకకు నడచునప్పుడు

మోటారు కారును ముందుకు నడపుట నేర్చినవారు పెక్కుమంది గలరు. వెనుకకు నడపుట చక్కగా నేర్చినవారు కొందరే. ఇది నిందగా అనుచున్న మాట కాదు. మనుష్యుని కన్నులు ముందువైపున అమరియున్నవి. కారులోని ఆసనములు, పెద్ద అద్దము, స్టీరింగు చక్రము అన్నియు ముందుకు పోవుటకే కుదిర్చినవి. వెనుకకు పోవలసి వచ్చినప్పుడు నడపువాడు మెడ త్రిప్పి కొంత చూచును, చిన్న అద్దములలో కొంత వెదకును, మిగిలినది ఊహించుకొనును. ప్రమాదము ఆ ఊహించుకొనిన భాగముననే పొంచియుండును.

ఒక సాధారణ సందర్భమును తీసికొందము. అంగడి ముందర కార్లు వరుసగా నిలిపియున్నవి. మన కారునకు ఇరుప్రక్కల ఎత్తైన బండ్లు రెండు నిలిచినవి. మనము వెనుకకు వచ్చి దారిలో పడవలెను. నాలుగు మీటర్ల పొడవు గల కారులో నడపువాని కన్ను వెనుక బంపరునకు రెండు మీటర్లకు పైగా ముందుండును. కనుక ఆ బండ్ల చాటు దాటి దారి అతనికి కనబడునప్పటికే కారు తోక రెండు మీటర్ల మేర దారిలోనికి చొచ్చియుండును. గంటకు 20 కిలోమీటర్ల వేగముతో వచ్చు స్కూటరు సెకనుకు అయిదున్నర మీటర్లు సాగును. చూచి, గ్రహించి, బ్రేకు త్రొక్కుటకు ఒకటిన్నర సెకను పట్టినదనుకొన్నచో, ఆ లోపల స్కూటరు ఎనిమిది మీటర్లు వచ్చి యుండును. ఇందులో అజాగ్రత్త పాలు ఎంత గలదో, కన్ను ఉండవలసిన చోట లేకపోవుటయను దోషము పాలును అంత గలదు.

ఇంజనీర్లు ఆలోచించిన ఉపాయము ఒక్క మాటలో చెప్పవచ్చును. కన్నునో చెవినో తీసికొనిపోయి కారు తోకన అమర్చినారు.

మొదట చెవి సంగతి. నేటి కార్ల వెనుక బంపరుపై రూపాయి బిళ్లలవంటి గుండ్రని సెన్సార్లు కనబడును. మన చెవికి సెకనుకు ఇంచుమించు 20 వేల కంపనముల వరకే వినవచ్చును. ఇవి 40 వేలకు పైబడిన శబ్దమును వెలువరించి, దాని ప్రతిధ్వనిని ఆలకించును. గబ్బిలము చీకటిలో చేయు పనియే ఇది. గాలిలో శబ్దము సెకనుకు దాదాపు 340 మీటర్లు పోవును. గోడ ఒక మీటరు దూరముననున్న యెడల శబ్దము పోయి తిరిగి వచ్చుటకు సెకనులో వేయింట ఆరు వంతులు చాలును. ప్రతిధ్వని త్వరగా వచ్చిన కొలది లోపలి 'బీప్' ధ్వని వడివడిగా మ్రోగును. భారతదేశములో 2019 జులై 1 నుండి కొత్త కార్లలో ఈ హెచ్చరిక తప్పనిసరి యైనది. గోడకును, స్తంభమునకును, నిలిచియున్న బండికిని ఇది మేలైన సాధనమే. కాని దీని చూపు కొద్ది మీటర్లకు మించదు. ప్రక్కనుండి దూసుకొనివచ్చు స్కూటరు దీనికి అందునప్పటికి వేళ మించియుండును.

కన్ను అనగా కెమేరా. అమెరికాలో ఇది చట్టమగుటకు వెనుక ఒక విషాదము గలదు. 2002లో ఒక రెండేండ్ల బాలుడు ఇంటి ముంగిట, తండ్రి వెనుకకు నడపుచున్న కారు క్రింద పడి మరణించెను. ఆ బాలుని పేరిట 2008లో చట్టము చేసిరి. దాని ననుసరించి నిబంధనలు 2014లో వెలువడినవి. 2018 మే 1 నాటికి గాని అవి పూర్తిగా అమలులోనికి రాలేదు. కారు వెనుక 10 అడుగుల వెడల్పును 20 అడుగుల పొడవును గల చోటు, రివర్సు గేరు వేసిన రెండు సెకనులలో తెరపై కనబడవలెనని ఆ నిబంధన. అప్పటి ప్రభుత్వ అంచనా ప్రకారము ఆ దేశమున ఏటా 210 మంది ఇట్లు వెనుకకు వచ్చు వాహనముల క్రింద మరణించుచుండిరి. అందులో నూటికి 31 మంది అయిదేండ్ల లోపు పిల్లలు, 26 మంది 70 ఏండ్లు పైబడిన వృద్ధులు. తప్పుకొనుటకు కాళ్లలో సత్తువ లేనివారును, కారు అద్దము ఎత్తునకు అందనివారును వీరే. చక్రము చేతబట్టినవాడు తరచుగా సొంత యింటివాడే యగుట ఈ ప్రమాదములోని ఘోరము.

ఇక రేడార్. రేడియో గల యిండ్లకు ఇది దూరపు చుట్టము. వెనుక బంపరు రెండు మూలల, ప్లాస్టిక్కు చాటున, చిన్న పెట్టెలు రెండుండును. ఇవి రేడియో తరంగములనే పంపును. మీడియం వేవ్‌పై 1000 కిలోహెర్ట్జ్‌లలో వచ్చు తరంగము పొడవు 300 మీటర్లు. 77 గిగాహెర్ట్జ్‌లలో పనిచేయు కారు రేడార్ తరంగము పొడవు నాలుగు మిల్లీమీటర్లు కూడ లేదు. ఆ తరంగము వచ్చుచున్న వాహనమునకు తగిలి తిరిగి వచ్చునప్పుడు దాని కంపనసంఖ్య కొంచెము పెరిగి యుండును. రైలు మనవైపు వచ్చునప్పుడు కూత హెచ్చు శ్రుతిలోను, దాటి పోయినప్పుడు తగ్గు శ్రుతిలోను వినబడుట మనమెరుగుదుము. ఆస్ట్రియా దేశీయుడు క్రిస్టియన్ డాప్లర్ 1842లో వివరించిన ధర్మమిదియే. దీనివలన రేడార్ నిలిచిన గోడను విడిచి, వచ్చుచున్న బండిని వేరుపరచి చూపగలదు. అది ఏ వైపు నుండి వచ్చుచున్నదో ఆ వైపు అద్దముపై దీపము వెలుగును, ధ్వని మ్రోగును. కొన్ని కార్లలో బ్రేకు కూడ తానే పడును.

ఫలితమెంత? అమెరికాలోని ఇన్సూరెన్స్ ఇన్‌స్టిట్యూట్ ఫర్ హైవే సేఫ్టీ పరిశోధనలలో, కెమేరా వలన ఇట్టి గుద్దుళ్లు నూటికి 17 వంతులు, ప్రక్కదారి హెచ్చరిక వలన 22 వంతులు తగ్గినవి. కెమేరా, సెన్సార్లు, తానుగా పడు బ్రేకు మూడును కలిసిన కార్లలో 78 వంతులు తగ్గినవి. హెచ్చరించుటకును ఆపుటకును గల భేదము ఇందు తెలియుచున్నది. ధ్వని విన్న పిమ్మట కూడ కాలు కదలవలెను గదా!

అట్లని యంత్రమునకే భారమప్పగింప వీలులేదు. అమెరికన్ ఆటోమొబైల్ అసోసియేషన్ 2015లో కొన్ని కార్లను పెద్ద బండ్ల నడుమ నిలిపి పరీక్షించగా, ఈ హెచ్చరికలు ఎదురైన మోటారు సైకిళ్లను నూటికి 48 సార్లు, పాదచారులను 60 సార్లు కనిపెట్టలేకపోయినవి. నాటికి నేటికి సాధనములు మెరుగుపడినవి. కాని లోహముతో చేసిన పెద్ద కారును పట్టినంత సులభముగా, మెల్లగా నడచు మనుష్యుని రేడార్ పట్టలేదు. మన వీధులలో తిరుగునవి స్కూటర్లు, తోపుడు బండ్లు, మేకలు, పశువులు, బంతి కొరకు పరుగెత్తు పిల్లలు. పైగా బంపరుపై బురద పట్టినను, రేడార్ ముందు ఇనుప గార్డు బిగించినను దానికి గంతలు కట్టినట్లే. వేలు వెచ్చించి కన్ను కొని, వందలు వెచ్చించి దానిని మూయుట మాకు వింతగా తోచును.

ఖర్చులేని ఉపాయము ఒకటి గలదు. కారును నిలుపునప్పుడే వెనుకకు నడిపి నిలుపవలెను. ఆ చోటు ఖాళీగా నున్నదని మనము దాని ముందునుండి వచ్చుచు అప్పుడే చూచియుందుము, అందులో రాకపోకలుండవు. తిరిగి బయలుదేరునప్పుడు కారు ముక్కు దారివైపున, కన్నులు ముందున ఉండును. సామాను డిక్కీలో నింపుట కొంత కష్టమగును, వెనుక వచ్చువారు హారను మ్రోగింతురు, ఏటవాలుగా గీసిన చోట్ల ఇది కుదరదు. అంగడి యొద్ద కుదరకపోయినను ఇంటి గేటు యొద్ద కుదురును. పిల్లలు ఆడునది అచ్చటనే గనుక అచ్చట ఇది మరింత అవసరము.

ఎక్కుటకు ముందు కారు చుట్టును ఒకసారి తిరిగి చూచుటకు అరనిమిషము పట్టును. ఇంటిలో పసిబిడ్డలున్నచో, పెద్దవారొకరు బిడ్డను ఎత్తుకొని నడపువానికి కనబడునట్లు నిలిచిన పిమ్మటనే కారు కదలవలెను. పూర్వము రివర్సు గేరు వేయగానే పాటలు మ్రోగు కార్లు వీధులలో పెక్కు వినబడెడివి. ఆ పాటకు జనము ఎంత అలవాటు పడిరనగా, విని ప్రక్కకు తొలగుట కూడ మానిరి.

లోపలి హెచ్చరిక వినబడవలెనన్నచో కారులోని రేడియోను ఆ కొద్దిసేపు తగ్గింపవలెను. ఆ సమయమున మా ప్రసంగమే వచ్చుచున్నను సరే. కొన్ని కార్లలో గేరు పడినంతనే ఆ పని కారే చేయును.