విషం లేదు... సరే, ముప్పు లేదా?

అమెరికాలో ఉన్న మనవడు మెడలో పాముని వేసుకుని వీడియోకాల్‌లో ‘అమ్మమ్మా, నా పైథాన్‌ని చూడు’ అంటే ఎలా ఉంటుంది? గుంటూరులోనో కరీంనగర్‌లోనో ఉన్న ఆ అమ్మమ్మ గుండె గుభేల్‌మంటుంది. ‘దీనికి విషం ఉండదు, ఏమీ చెయ్యదు’ అని వాడెంత చెప్పినా ఆ రాత్రి ఆమెకు నిద్రపట్టదు. ఇంతకీ ఇద్దరిలో ఎవరి మాట నిజం? నిజానికి... ఇద్దరిదీ!

కుక్కల్నీ పిల్లుల్నీ పెంచుకున్నట్టే అక్కడ పాముల్నీ పెంచుకుంటారు. దుకాణాల్లో ఎక్కువగా కనిపించేవి బాల్ పైథాన్, కార్న్ స్నేక్, కింగ్ స్నేక్, మిల్క్ స్నేక్. మనిషికి హాని చేసే విషం వీటిలో దేనికీ లేదు.

బంతిలా చుట్టుకుపోయి...

బాల్ పైథాన్ పుట్టిల్లు పశ్చిమ, మధ్య ఆఫ్రికా. మన కొండచిలువకు దగ్గరి చుట్టమే కానీ సాధారణంగా అయిదడుగులకు మించి పెరగదు. భయమేస్తే తలను లోపల దాచుకుని బంతిలా ముడుచుకుపోతుంది. ఆ పేరు అలా వచ్చిందే. కార్న్ స్నేక్‌ది అమెరికాలోని ఆగ్నేయ ప్రాంతం. ఎలుకల్ని వెతుక్కుంటూ పొలాల్లో, ధాన్యపు కొట్లలో తిరుగుతుంది. ఈ రెండూ ఆహారాన్ని చుట్టేసి, బిగించి చంపుతాయి.

విషం లేదంటే పళ్లు లేవని కాదు. ఆకలి మీదున్నప్పుడో బెదిరినప్పుడో ఇవీ కరుస్తాయి. సన్నగా గాట్లు పడి రక్తం వస్తుంది. సబ్బునీళ్లతో కడుక్కుని డాక్టరుకు చూపించుకుంటే సరిపోతుంది. ముట్టెలాంటి ముక్కుతో ముద్దొచ్చే హాగ్‌నోస్ పాము కథ మాత్రం కాస్త వేరు. దాని నోట్లో వెనకవైపు కోరలుంటాయి, స్వల్పంగా విషమూ ఉంటుంది. పట్టు వదలకుండా నమిలిందంటే చెయ్యి వాచిపోవచ్చు.

కాటు కాదు... పట్టు!

విషం లేని పాములన్నీ చిన్నవే కావు. 2009లో అమెరికాలోని ఫ్లోరిడాలో ఇంట్లో పెంచుకుంటున్న బర్మా కొండచిలువ పెట్టెలోంచి తప్పించుకుని రెండేళ్ల పాపను చంపేసింది. 2013లో కెనడాలో పాముల దుకాణం పైఅంతస్తులో నిద్రపోతున్న ఇద్దరు అన్నదమ్ములు ఆఫ్రికా కొండచిలువకు బలైపోయారు. ఆ రెండు పాములకూ చుక్క విషం లేదు!

కంటికి కనిపించని ప్రమాదం మరొకటి... సాల్మొనెల్లా. ఆరోగ్యంగా ఉన్న పాము ఒంటిమీద కూడా ఈ బ్యాక్టీరియా ఉండొచ్చు. అందుకే అయిదేళ్లలోపు పిల్లలు, వృద్ధులు, రోగనిరోధకశక్తి తక్కువగా ఉన్నవాళ్లు పాముల్ని ముట్టుకోకపోవడమే మేలంటారు వైద్యులు. మిగతావాళ్లు ముట్టుకున్న ప్రతిసారీ చేతులు కడుక్కోవాల్సిందే.

ఇంకో సంగతి... బాల్ పైథాన్ సులువుగా ఇరవై, ముప్ఫై ఏళ్లు బతుకుతుంది. అమెరికాలోని సెయింట్ లూయిస్ జూలో అరవై ఏళ్లు దాటిన ఓ బాల్ పైథాన్ 2020లో గుడ్లు కూడా పెట్టింది. పదేళ్ల పిల్లాడు ముచ్చటపడి తెచ్చుకుంటే, వాడు చదువుకి వెళ్లిపోయాక కూడా దానికి ఎలుకలు వేయాల్సింది అమ్మానాన్నలే. అలా మోయలేక వదిలేసినవీ, తప్పించుకున్నవీ పెరిగి పెరిగి ఫ్లోరిడాలోని ఎవర్‌గ్లేడ్స్ చిత్తడినేలల్లో కుందేళ్లనూ ఇతర వన్యప్రాణులనూ మింగేస్తున్నాయి. 2012లో అమెరికా బర్మా కొండచిలువల దిగుమతిని నిషేధించింది.

ఇక్కడ ఆ ధైర్యం పనికిరాదు

అసలు చిక్కు ఆ పిల్లలు సెలవులకు మన ఊరొచ్చినప్పుడు! అక్కడ అలవాటైన చెయ్యి ఇక్కడా పాము మీదకు వెళ్తే? మనదగ్గరా జెర్రిపోతు, నీరుకట్టు లాంటి విషం లేని పాములు చాలానే ఉన్నాయి. కానీ నాగుపాము, కట్లపాము, రక్తపింజరి తిరిగేదీ ఆ గట్ల మీదే. మనదేశంలో 2000 నుంచి 2019 వరకూ ఏటా సగటున 58 వేలమంది పాముకాటుకు చనిపోయారని ఓ అధ్యయనం అంచనా.

చూసి పోల్చుకోవచ్చులే అనుకుంటే పొరపాటే. వుల్ఫ్ స్నేక్ అనే విషం లేని పాముకి కట్లపాములాగే ఒంటిమీద తెల్లని పట్టీలుంటాయి. పాముల మీద పరిశోధనకే జీవితాన్ని అంకితం చేసిన అమెరికా శాస్త్రవేత్త జో స్లోవిన్‌స్కీ 2001 సెప్టెంబరులో మయన్మార్ అడవుల్లో ఓ పాముని విషం లేనిదనుకుని సంచీలో చెయ్యి పెట్టారు. అది కట్లపాము జాతిది. మర్నాడే ఆయన కన్నుమూశారు. అంతటివాడే పొరబడితే పదేళ్ల పిల్లాడెంత?

పైగా కట్లపాము కాటు పెద్దగా నొప్పి ఉండదు. కనురెప్పలు వాలిపోతుంటేగానీ తెలియకపోవచ్చు. ఏ పాము కరిచినా కోయడం, నోటితో పీల్చడం, గట్టిగా కట్టు కట్టడం చేయకూడదు. కరిచిన చోటు కదలకుండా చూసుకుంటూ వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

చట్టం కూడా ఊరుకోదు. కొండచిలువ, నాగుపాము, జెర్రిపోతు, రెండు తలల పాము... వీటిని పట్టినా, అమ్మినా, ఇంట్లో దాచినా వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరమే. బాల్ పైథాన్ లాంటి విదేశీ రకాలనైనా 2024లో వచ్చిన నిబంధనల ప్రకారం పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయించాల్సిందే.

కాబట్టి మనవడు చెప్పింది నిజమే, ఆ గాజుపెట్టెలోని పాముకి విషం లేదు. కానీ గట్టుమీద పాము కనిపిస్తే మాత్రం అమ్మమ్మ మాటే వినాలి... ‘ముట్టుకోకు నాన్నా, పక్కకి జరుగు. దాని దారిన దాన్ని పోనీ!’