బొమ్మ పడలేదని బెంగొద్దు!

మార్చి నెలాఖరు. ఆదోని మార్కెట్ యార్డు దగ్గర ఓ పత్తి కమీషన్ కొట్టు అనుకోండి. ఏడాది లెక్కలన్నీ కంప్యూటర్లోనే ఉన్నాయి. గుమాస్తాకు యాభై దాటాయి. టాలీలో అంకెలు చీమల బారులా కనిపిస్తున్నాయి. 'కాస్త అక్షరాలు పెద్దవి చెయ్యప్పా' అని పక్క కొట్టు కుర్రాణ్ని పిలిచాడు. అతనొచ్చి రిజల్యూషన్ దగ్గర 'లెస్', 'మోర్' అని ఉన్న మీటను చూశాడు. మోర్ అంటే ఎక్కువే కదా అని అటువైపు జరిపి సరే అన్నాడు. అంతే... తెర నల్లబడింది. మధ్యలో చిన్న డబ్బా ఒకటి 'అవుట్ ఆఫ్ రేంజ్' అంటూ అటూ ఇటూ తిరగడం మొదలుపెట్టింది. కుర్రాడు 'ఇప్పుడే వస్తానన్నా' అని జారుకున్నాడు. గుమాస్తాకు మాత్రం చెమటలు! సంవత్సరం పద్దులన్నీ గంగలో కలిసినట్టేనా?

కానే కాదు. సేవ్ చేసిన పద్దు ఒక్కటి కూడా పోలేదు. అవన్నీ బల్ల కింద ఉన్న సీపీయూలో, హార్డ్ డిస్క్ మీద భద్రంగానే ఉంటాయి. మానిటర్ పని చూపించడమే. సినిమాహాల్లో తెర చిరిగితే రీలు పాడైనట్టు కాదు కదా, ఇదీ అంతే. అయినా ఈ నల్లతెరను చూసి 'కంప్యూటర్ పోయింది' అనుకునేవాళ్లు, మంచి మానిటర్ని మూలన పెట్టి కొత్తది కొనేవాళ్లు తక్కువేం కాదు. ఫార్మాట్ కొట్టించి, నిజంగానే లెక్కలు పోగొట్టుకునే ప్రమాదమూ ఉంది.

ముందు చేయాల్సిన పని ఒక్కటే. ఏమీ చేయకుండా ఉండటం! రిజల్యూషన్ మార్చగానే విండోస్ 'ఇది ఉంచమంటారా?' అని అడిగి 15 సెకన్లు ఆగుతుంది. జవాబు రాకపోతే, తెర కనిపించడం లేదేమో అని తనే అర్థం చేసుకుని పాత పద్ధతికి వెళ్లిపోతుంది. ఇలాంటి గండం కోసమే ఆ గడువు పెట్టారు. ఆ పావు నిమిషం చేతులు కట్టుకుని కూర్చోవడం మనవల్ల కాదు. గాభరాగా ఏవేవో కీలు నొక్కుతాం. అందులో ఏదో ఒకటి 'సరే' కిందికి వచ్చిందంటే కథ అడ్డం తిరిగినట్టే. నొక్కకుండా ఉండలేకపోతే ఎస్కేప్ కీ ఒక్కటే నొక్కండి.

మగ్గం మీద చూస్తే...

అసలు ఈ 'రేంజ్' గొడవేమిటి? ఆదోనికి సుమారు ముప్ఫై కిలోమీటర్ల దూరంలోని ఎమ్మిగనూరులో మగ్గం చూసినవాళ్లకు ఇది చెప్పడం తేలిక. చేనేతకు పేరుపడ్డ ఊరది. అక్కడి నేతగాళ్ల కోసం 1938లో సహకార సంఘాన్ని నిలబెట్టిన మాచాని సోమప్పకు 1954లో పద్మశ్రీ వచ్చింది.

మగ్గం మీద నిలువు పోగులు పడుగు. వాటి మధ్య నాడె అటూ ఇటూ పరుగెత్తి పేక వేస్తుంది. వెనక పెద్ద బుర్ర ఉండే పాత మానిటర్లో కూడా ఇలాంటి పనే జరుగుతుంది. నాడెకు బదులు ఎలక్ట్రాన్ల ధార. అది అద్దం లోపలివైపు ఒక్కో గీతా గీసుకుంటూ పైనుంచి కిందికి దిగుతుంది. దిగగానే మళ్లీ పైకెళ్తుంది. ఇలా సెకనుకు అరవైసార్లో, ఎనభై అయిదుసార్లో మొత్తం బొమ్మను నేస్తుంది. ఎన్ని గీతలు, గీతకు ఎన్ని చుక్కలు అన్నది రిజల్యూషన్. సెకనుకు ఎన్నిసార్లు అన్నది రిఫ్రెష్ రేటు. దీన్ని హెర్ట్జ్‌లలో చెబుతారు.

లెక్క చూడండి. 800 బై 600 రిజల్యూషన్, 60 హెర్ట్జ్ పెడితే ఆ ధార సెకనుకు దాదాపు 38 వేల గీతలు గీయాలి. అదే 1024 బై 768 చేసి 85 హెర్ట్జ్ పెడితే దాదాపు 69 వేలు! పాత 14 అంగుళాల మానిటర్లలో చాలావాటికి అంత వేగం లేదు. 'నావల్ల కాదు బాబూ' అని చేతులెత్తేస్తాయి. ఆ మాటే 'అవుట్ ఆఫ్ రేంజ్'. కొన్ని కంపెనీల మానిటర్లు దీన్నే 'ఇన్‌పుట్ నాట్ సపోర్టెడ్' అంటాయి. నిజానికిది రోగం కాదు, జాగ్రత్త. అంతకుముందు తరం మానిటర్లకు ఈ తెలివి లేదు. శక్తికి మించిన వేగం అందితే కీచుమని అరిచేవి, కొన్ని కాలిపోయేవి కూడా.

ఇప్పటి పలచటి ఎల్‌సీడీ తెరల సంగతి వేరు. వాటిలో గీతలు గీసే ధార లేదు. చుక్కలన్నీ ఫ్యాక్టరీలోనే లెక్కగా అమర్చేస్తారు. అంటే మగ్గానికి పడుగు ముందే ఎక్కించి ఇచ్చినట్టు! 1366 బై 768 తెరకు అన్నే చుక్కలు. ఎక్కువ అడిగితే చాలా తెరలు ఒప్పుకోవు. తక్కువ అడిగితే చూపిస్తాయిగానీ సాగదీసి చూపిస్తాయి. (మగ్గానికీ కంప్యూటర్‌కూ ఇంకో చుట్టరికమూ ఉంది. 1800 ప్రాంతాల్లో ఫ్రాన్సులో జకార్డ్ తన మగ్గానికి డిజైన్ చెప్పడానికి కన్నాలు కొట్టిన అట్టలు వాడాడు. తొలినాటి కంప్యూటర్లకు పని చెప్పిందీ అలాంటి అట్టలతోనే.)

జబ్బు ఎక్కడుంది?

పావు నిమిషం దాటినా బొమ్మ రాలేదు. ఇప్పుడేం చేయాలి? వైరు మాత్రం పీకొద్దు. సీపీయూ పవర్ మీటను ఒక్కసారి తాకి వదలండి. చాలా కంప్యూటర్లలో విండోస్ తనంతట తాను పద్ధతిగా మూసుకుంటుంది. మళ్లీ ఆన్ చేసి తెరవైపే చూడండి. మొదట్లో కంపెనీ పేరో, నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలో కనిపించి, విండోస్ మొదలయ్యే సమయానికి మాయమయ్యాయనుకోండి... శుభవార్తే! మానిటర్ బాగుంది, కేబుల్ బాగుంది. తేడా అంతా విండోస్ పట్టుకుని కూర్చున్న అంకెల్లోనే. మానిటర్ని ఆటో ఎక్కించి రిపేరు షాపుకు తీసుకెళ్లే పని తప్పినట్టే.

మొదటినుంచీ ఏమీ కనిపించకుండా 'నో సిగ్నల్' అనో, 'చెక్ కేబుల్' అనో వస్తే అది రిజల్యూషన్ జబ్బు కాదు. వెనక వైరు ఊడిందేమో చూడాలి. నీలం రంగు ప్లగ్గులో మూడు వరసల్లో 15 పిన్నుల చోట్లుంటాయి. ఒక చోట పిన్ను లేకపోతే కంగారుపడకండి, కొన్ని కేబుళ్లలో మధ్య వరసలో ఒకటి లేకుండానే తయారుచేస్తారు. ఒంగిన పిన్నులతోనే చిక్కు. మానిటర్ తన శక్తి ఇంత అని సీపీయూకు చెప్పుకునేది అందులోని రెండు పిన్నుల ద్వారానే. అవి ఒంగితే సీపీయూకు ఎదుట ఉన్నది ఏ మానిటరో తెలియదు. కొత్త తెర కొన్నా దానికి తగిన రిజల్యూషన్ జాబితాలో కనిపించకపోవడానికి ఇదీ ఒక కారణమే.

తిరిగి బొమ్మ వేయించండి

అన్నిటికంటే తేలిక ఉపాయం అప్పు తెచ్చుకోవడం. పక్కింటివాళ్ల దగ్గరో, పక్క కొట్టులోనో ఉన్న పెద్ద మానిటర్ని కాసేపు తెచ్చి తగిలించండి. హెచ్‌డీఎంఐ ఉంటే ఇంట్లో టీవీ అయినా చాలు. దాంట్లో బొమ్మ వస్తే రిజల్యూషన్ తగ్గించి, రిఫ్రెష్ రేటు 60 పెట్టి, మళ్లీ మన మానిటర్ తగిలించుకోవచ్చు.

అది కుదరకపోతే విండోస్‌నే బతిమాలాలి. మూలన ఇంకా ఎక్స్‌పీ కంప్యూటర్ నడుస్తుంటే (దానికి మైక్రోసాఫ్ట్ 2014లోనే సెలవు చెప్పేసింది, ఇంటర్నెట్ మాత్రం తగిలించకండి) ఆన్ చేసిన వెంటనే ఎఫ్8 కీని టకటకా నొక్కుతూ ఉండండి. వచ్చిన జాబితాలో 'ఎనేబుల్ వీజీఏ మోడ్' ఎంచుకోండి. వీజీఏ అంటే ఐబీఎం 1987లో తెచ్చిన 640 బై 480 కొలత. ఏ మానిటరైనా అర్థం చేసుకునే అక్షరమాల లాంటిది. బొమ్మలన్నీ లావుగా, వికారంగా కనిపిస్తాయిగానీ కనిపిస్తాయి కదా! అప్పుడు డెస్క్‌టాప్ మీద రైట్ క్లిక్ చేసి, ప్రాపర్టీస్‌లోని సెట్టింగ్స్‌కు వెళ్లి సరిచేసుకోవడమే. అక్కడే అడ్వాన్స్‌డ్ లోపల మానిటర్ పేజీలో 'ఈ మానిటర్ చూపలేని మోడ్‌లు దాచు' అనే అర్థం వచ్చే టిక్కు ఉంటుంది. దాన్ని తీసేశారేమో చూడండి. ఎవరో అతితెలివితో తీసేసిన ఆ టిక్కే చాలాసార్లు అసలు దొంగ.

కొత్త విండోస్‌లలో ఎఫ్8 మామూలుగా పలకదు. కంపెనీ గుర్తు కనిపించగానే పవర్ మీట పది సెకన్లు గట్టిగా నొక్కి ఆపేయాలి. ఇలా రెండు మూడుసార్లు చేస్తే విండోస్‌కే అనుమానం వచ్చి రిపేరు తెర చూపిస్తుంది. అందులో ట్రబుల్‌షూట్, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, స్టార్టప్ సెట్టింగ్స్, రీస్టార్ట్... ఆ తర్వాత అంకె 3 నొక్కితే తక్కువ రిజల్యూషన్లో తెరుచుకుంటుంది. కొన్ని కంప్యూటర్లు ఈ దారిలో 48 అంకెల తాళం నంబరు అడుగుతాయి. అది మన మైక్రోసాఫ్ట్ అకౌంట్లో దొరుకుతుంది. విండోస్ కీ, కంట్రోల్, షిఫ్ట్, బి నాలుగూ కలిపి నొక్కమని కొందరు చెబుతుంటారు. దానివల్ల డిస్‌ప్లే డ్రైవర్ మళ్లీ మొదలవుతుంది. తెర బిగుసుకుపోతే పనికొచ్చే చిట్కా అది. తప్పు రిజల్యూషన్ని మాత్రం మార్చదు.

ఏం చేసినా చేయకపోయినా, పాత బుర్ర మానిటర్ వెనక మూత మాత్రం విప్పొద్దు. లోపల ఇరవై వేల వోల్టుల పైచిలుకు ఉంటుంది. ప్లగ్గు తీశాక కూడా చాలాసేపు నిల్వ ఉండొచ్చు.

మానిటర్ మారినప్పుడు

ఎవరూ సెట్టింగ్ జోలికి పోకపోయినా ఇదే తంతు ఇంకోలా జరుగుతుంది. కొట్టుకు కొత్త మానిటర్ వచ్చింది. పాతది ఇంట్లో పిల్లల కంప్యూటర్‌కు వెళ్లింది. పిల్లల సీపీయూ మాత్రం పాత అలవాటునే 85 హెర్ట్జ్ పంపుతుంది. వచ్చిన మానిటర్ అది అందుకోలేదు. 'మంచిదాన్ని ఉంచుకుని పాడైంది ఇచ్చావా అన్నా' అని తమ్ముడు అలుగుతాడు! ఇలాంటప్పుడు మానిటర్ మార్చడానికి ముందే, పాత తెర మీద ఉండగానే రిజల్యూషన్ 800 బై 600కు, రిఫ్రెష్ రేటు 60కి దించేయాలి. రెండు నిమిషాల పని, అలకా ఉండదు. పిల్లల ఆటలూ అంతే. ఆటలోపల రిజల్యూషన్ పెంచితే ఆట తెరిచినప్పుడు మాత్రమే తెర నల్లబడుతుంది. ఆల్ట్, ఎఫ్4 కలిపి నొక్కితే ఆట మూసుకుని డెస్క్‌టాప్ వచ్చేస్తుంది.

అసలు బాధ అక్షరానిది

ఇంతకీ గుమాస్తా అడిగింది రిజల్యూషన్ కాదు, పెద్ద అక్షరాలు. మీట తప్పు! రిజల్యూషన్ పెంచితే అక్షరాలు ఇంకా చిన్నవవుతాయి. తగ్గిస్తే పెద్దవవుతాయిగానీ ఎల్‌సీడీ తెర మీద అలుక్కుపోతాయి. ఇంగ్లిషు ఎలాగోలా చదువుకోవచ్చు. తెలుగుకే కష్టం. మన అక్షరాలకు పైన గుడులు, కింద ఒత్తులు... అన్నీ చిన్న చిన్న చుక్కల్లోనే ఇమడాలి. 'ద'కూ 'ధ'కూ తేడా కిందనుండే చిన్న గీతే కదా. అలికిన తెర మీద 'ఆదోని' ఏదో 'ఆధోని' ఏదో పట్టుకోవడం డీటీపీ చేసేవాళ్లకూ సాధ్యం కాదు. పెళ్లి కార్డు అచ్చయి వచ్చాక చూసుకుంటే లాభమేముంది? పైగా వెడల్పు తెర మీద పాత చదరపు కొలత పెడితే గుండ్రటి బొమ్మ కోడిగుడ్డులా సాగుతుంది, ఫొటోలో పెళ్లికూతురు బొద్దుగా తయారవుతుంది.

అక్షరం పెద్దది కావడానికి వేరే మీట ఉంది. విండోస్ 10, 11లలో డెస్క్‌టాప్ మీద రైట్ క్లిక్ చేసి డిస్‌ప్లే సెట్టింగ్స్ తెరవండి. 'స్కేల్' అన్నచోట 100 శాతాన్ని 125 లేదా 150 చేయండి. రిజల్యూషన్ పక్కన 'రికమెండెడ్' అని ఉన్నదాన్ని కదపొద్దు. ఎక్స్‌పీలో ఇదే పనికి సెట్టింగ్స్, అడ్వాన్స్‌డ్, జనరల్‌లో డీపీఐని 96 నుంచి 120 చేయాలి. కొన్ని పాత ప్రోగ్రాముల్లో బటన్లు కాస్త పక్కకు జరుగుతాయి, అది భరించాల్సిందే.

ఇక ఎవరినైనా సెట్టింగ్ మార్చమని పిలిచే ముందు అక్కడ కనిపించే మూడు అంకెలు చీటీ మీద రాసి మానిటర్ అంచుకు అంటించండి. 1366, 768, 60. ఆ తర్వాత వచ్చేది పక్క కొట్టు కుర్రాడైనా, కర్నూలు నుంచి మెకానిక్కయినా మొదట వెతికేది వాటినే.