గిడ్డంగులలో చిత్రకళ

కొచ్చి కోట ప్రాంతమున నీటియొడ్డున ఆస్పిన్‌వాల్ హౌస్ అను పాత వర్తకభవన మొకటి కలదు. 1867లో ఆంగ్లవర్తకుడైన జాన్ ఆస్పిన్‌వాల్ స్థాపించిన వ్యాపారమున కది నిలయము. మిరియాలు, అల్లము, పసుపు, కొబ్బరినూనె అచ్చటి కొట్లలో నిలువయుండి ఓడల కెక్కెడివి. 2012 డిసెంబరు 12వ తేదీన ఆ కొట్ల తలుపులు వేరొక సరకునకై తెరువబడినవి. రెండేండ్ల కొకసారి జరుపదలచిన ఆ సమకాలిక కళాప్రదర్శనమునకు కొచ్చి-ముజిరిస్ బినాలే యని పేరు. 1895లో వెనీసు నగరమున మొదలైన ప్రదర్శనమునుబట్టి యీ పేరు వచ్చినది. పేరు పరదేశముదైనను పూనిక మనదేశపు చిత్రకారులది. కావుననే దీనిని పాఠకుల దృష్టికి దెచ్చుచున్నాము.

బోస్ కృష్ణమాచారి, రియాస్ కోము అను కేరళీయు లిరువురు బొంబాయిలో పేరొందిన చిత్రకారులు. వీరు 2010లో ఒక సంస్థను నెలకొల్పిరి. కేరళప్రభుత్వము తొలుత ఐదుకోట్ల రూపాయల నిచ్చెను. పిమ్మట ప్రభుత్వము మారెను. లెక్కలపై ఆరోపణలు పుట్టెను. మరి రావలసిన ధనము నిలిచిపోయెను. స్థానిక కళాకారులలోనే కొందరు ఎదురుతిరిగిరి. అయినను పని ఆగలేదు. ప్రారంభదినమునాటికి పలు కృతులు అసంపూర్ణముగనే యుండెను. పెండ్లివారు వచ్చిన తరువాత పందిరి వేసినట్లు పని సాగినది. అట్లయ్యును మూడుమాసములలో దాదాపు నాలుగులక్షలమంది చూచిరని నిర్వాహకుల లెక్క.

ఇంతమంది యేల వచ్చిరి? పాలరాతిమెట్లును కాపలాదారులును గల కళాభవనమున కాలుపెట్టుటకు సామాన్యుడు జంకును. తన తాత మూటలు మోసిన కొట్టులోనికి పోవుటకు వానికి జంకేమి? ఆ స్థలముతో సంబంధముగల వస్తువే అచ్చట కనబడినది. సమీపముననున్న పట్టణము గ్రామమున ప్రాచీన ముజిరిస్ రేవుదని చెప్పబడుచున్న శిథిలములు త్రవ్వకములలో బయల్పడినవి. అందు పారవేసిన కుండపెంకులను వివాన్ సుందరం సేకరించి, మిరియపుగింజలతో కలిపి, ఒక నగరమునే నేలపై పరచెను. పండితులకు పనికిరాని పెంకులు చిత్రకారునకు పట్టణమైనవి. పురావస్తుశాఖల నివేదికలు పది చదివినను కలుగని చరిత్రజ్ఞానము ఇట్టిదానివలన కలుగునని మా యభిప్రాయము.

ఈ ప్రదర్శనమున మాకు మిక్కిలి నచ్చిన నియమ మొకటి కలదు. కృతుల నెన్నుకొను అధికారము ఉద్యోగికి గాని ధనికునకు గాని యీయక, ప్రతిసారియు కళాకారునకే యిచ్చుచు వచ్చిరి. 2014లో జితీశ్ కల్లాట్, 2016లో సుదర్శన్ శెట్టి, 2018లో అనితా దూబే, 2022లో శుభిగీ రావు ఆ భారము వహించిరి. 2025 డిసెంబరులో మొదలైన ఆరవ ప్రదర్శనము నిఖిల్ చోప్రాకును, గోవాలో కళాకారులే నడుపు హెచ్.హెచ్. ఆర్ట్ స్పేసెస్ అను బృందమునకును అప్పగింపబడినది.

అయితే మెచ్చుకోలుతో సరిపెట్టుట న్యాయముగాదు. 2018–19 ప్రదర్శనము ముగిసిన పిదప, పనిచేసినవారికి బాకీలు తీరలేదని ఫిర్యాదులు వెలువడెను. 2022లో డిసెంబరు 12న జరుగవలసిన ప్రారంభము ముందురోజున 23వ తేదీకి వాయిదాపడెను. దూరదేశములనుండి వచ్చినవారు మూసిన తలుపులను చూచిరి; కళాకారులు బహిరంగలేఖ వ్రాసిరి. కళాకారుల సంస్థ గనుక జమాఖర్చులు చూడనక్కరలేదను వాదమును మేమంగీకరింపము. గోడకు సున్నము కొట్టిన కూలివాని కూలియు కళకైన వ్యయమే.

తెలుగునాట ఈ పూనిక బొత్తిగా క్రొత్తది కాదు. దామెర్ల రామారావు బొంబాయిలో విద్య ముగించి, అక్కడనే నిలువక రాజమహేంద్రవరమునకు మరలివచ్చి, గోదావరి యొడ్డున శిష్యులకు చిత్రలేఖనము నేర్పెను. 1925లో, ముప్పదియేండ్లైనను నిండకుండ, కన్నుమూసెను. ఆయన చిత్రములు ఆ నగరమున ఆయన పేరిటి చిత్రశాలలో నున్నవి. గోదావరి స్నానమునకు పోవు మనవారిలో ఆ గడప త్రొక్కిన వారెందరు?

మన రేవుపట్టణములలో ధాన్యపుకొట్లకు కొదువలేదు. అట్టివి కలిగియుండి, పంటకు పంటకు నడుమ తాళము వేసియుంచు పాఠకులు మాకు పెక్కురు కలరు. మూడునెలలు తాళపుచెవి యిచ్చుటకు వారు సమ్మతింతురా? ఇచ్చినచో, లెక్క వ్రాసి చూపుటకు మన చిత్రకారులు సిద్ధముగా నున్నారా?