బహిష్టు నొప్పి: ఓర్చుకొనవలసినదేనా?

"పెండ్లయితే పోవును, ఒక కాన్పయితే అదే సర్దుకొనును" అని మన యిండ్లలో ఆడపిల్లలకు చెప్పుట పరిపాటి. బహిష్టు దినములలో కొంత నొప్పి సహజమే. కాని నెలనెలా బడి మానిపించి మంచము పట్టించు నొప్పిని సహజమని మేము ఒప్పుకొనజాలము. దానికి ఎండోమెట్రియోసిస్ అను వ్యాధి కారణము కావచ్చును. సంతానయోగ్యమైన వయస్సులోని స్త్రీలలో సుమారు నూటికి 10 మందికి ఇది యుండునని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా.

గర్భాశయపు లోపొరను పోలిన కణజాలము అండాశయములమీద, అండవాహికలమీద, పొత్తికడుపు లోపలి పొరమీద పెరుగుటయే ఈ వ్యాధి. ఈస్ట్రోజెన్ అను హార్మోను దానిని పోషించును. వాపు కలిగి, మచ్చలు కట్టి, అవయవములు ఒకదానికొకటి అంటుకొనును. నొప్పికిని, కొందరిలో సంతానలేమికిని ఇదియే హేతువు.

దీనిని సమూలముగ మాన్పు మందు నేటికిని లేదు. అదుపులో నుంచు మార్గములు మూడు కలవు. మొదటిది ఐబుప్రొఫెన్ వంటి నొప్పిమాత్రలు. ఇవి బాధను తగ్గించును గాని వ్యాధిని తాకవు. రెండవది హార్మోను చికిత్స. గర్భనిరోధక మాత్రలు, డైనోజెస్ట్ వంటి ప్రొజెస్టిన్ మందులు, గర్భాశయములో అమర్చు హార్మోను సాధనము ఈ తెగలోనివి. ఇవి చాలనప్పుడు ల్యూప్రోలైడ్ వంటి ఇంజక్షన్లు ఈస్ట్రోజెన్‌ను మిక్కిలి తగ్గించును. వీనివలన ఎముకలు పలుచబడకుండ స్వల్పమోతాదులో వేరు హార్మోనులను తోడుగ నిత్తురు. మూడవది శస్త్రచికిత్స. పొట్టపై చిన్న రంధ్రములు చేసి, లాపరోస్కోపు సాయమున ఆ కణజాలమును తొలగింతురు. అయినను వ్యాధి మరల తలయెత్తవచ్చును.

ఇచ్చటనే అసలు చిక్కున్నది. హార్మోను చికిత్స నొప్పిని తగ్గించును గాని గర్భము ధరించు అవకాశమును పెంచదు. బిడ్డను కోరు స్త్రీకి శస్త్రచికిత్సయో, ఐ.వి.ఎఫ్. పద్ధతియో ఆలోచింపవలసియుండును. అండాశయపు తిత్తిని కోయుటలో మిగిలియున్న అండముల నిల్వ తగ్గవచ్చును. గర్భాశయమునే తీసివేయుట తుదిమెట్టు. అటుపిమ్మటను కొందరికి నొప్పి మిగులును. కనుక "నీకు ముందు కావలసినదేమి?" అని రోగినే అడిగి చికిత్స నిర్ణయించుట న్యాయము.

స్కానులో ఏమియు కనబడనంత మాత్రమున వ్యాధి లేదనరాదు. నొప్పి ఏ దినమున, ఎంత తీవ్రముగ వచ్చినదో వ్రాసియుంచి వైద్యునకు చూపుడు. తల్లులకు మా విన్నపమొక్కటే: వివాహము ఈ వ్యాధికి ఔషధము కాదు. బిడ్డ నొప్పియన్నప్పుడు ముందుగ నమ్ముడు.