పది నెలలు గట్టు కింద నిద్ర... తొలకరి రాత్రే మేలుకునే ఎర్ర గొంగళి

అనంతపురం జిల్లా రైతుకు ఎర్ర గొంగళి పురుగును కొత్తగా పరిచయం చేయనక్కర లేదు. పచ్చగా లేచిన వేరుశనగ చేను నాలుగు రోజుల్లో ఈనెలు, కాడలు మిగిలి నిలబడితే అది ఎవరి పనో చిన్నపిల్లలు కూడా చెబుతారు. అయితే పురుగును ఎరిగినంతగా దాని తల్లిని ఎరిగినవారు తక్కువ. అసలు పట్టుకోవలసింది ఆ తల్లినే.

అది తెల్లని రెక్కల పురుగు. ముందు రెక్కల మీద గోధుమరంగు చారలు, అంచున పసుపు గీత, వెనుక రెక్కల మీద నల్ల మచ్చలు ఉంటాయి. రాత్రిపూట దీపం చుట్టూ తిరుగుతూ కనిపిస్తే, వానకు వచ్చిన పురుగేలే అని మనం ఊరుకుంటాము.

ఏడాదిలో సుమారు పది నెలలు దీని కాపురం భూమిలోనే. కడుపు నిండిన గొంగళి పురుగులు చేను వదిలి గట్ల పక్కకు, చెట్ల నీడకు చేరతాయి. జానెడు లోతు లోపల మట్టిలో దూరి, కదలక మెదలక ప్యూపా దశలో పడి ఉంటాయి. తిండి లేదు, నీరు లేదు. రోహిణి కార్తె ఎండలు కూడా వాటిని ఏమీ చేయవు. జూన్, జూలైలలో గట్టి వాన పడి నేల తడిస్తే, ఆ సాయంత్రం నుంచే రెక్కల పురుగులై పైకి వస్తాయి. రైతు గొర్రు కట్టే వానే దీనికీ మేలుకొలుపు.

ఒక్కొక్క తల్లి ఆకుల అడుగున కుప్పలు కుప్పలుగా కొన్ని వందల గుడ్లు పెడుతుంది. మూడు రోజుల్లో పిల్లలు బయటపడి మొదట ఆకు అడుగును గుంపుగా గీకి తింటాయి. తరువాత రెండు అంగుళాల దాకా పెరిగి, ఒళ్లంతా ఎర్రటి నూగుతో నలభై, యాభై రోజులు మేస్తాయి. ఒక చేను అయిపోతే మంద కదిలినట్టు పక్క చేనికి నడుస్తాయి. ముదిరిన పురుగు మందులకు సులభంగా లొంగదు. డబ్బు పోతుంది, పురుగు మిగులుతుంది.

కనుక వాన పడిన తరువాతి మూడు నాలుగు రాత్రులే రైతు చేతిలో ఉన్న అదను. పొద్దుగూకింది మొదలు పదకొండు గంటల దాకా చేల మధ్య మంటలు వేస్తే రెక్కల పురుగులు వచ్చి పడతాయి. గడ్డివాములు దగ్గర ఉన్నచోట మంట వద్దు. బల్బు గాని లాంతరు గాని వేలాడదీసి, కింద వెడల్పాటి పళ్లెంలో నీళ్లు పోసి కాస్త కిరోసిన్ కలిపితే సరిపోతుంది. ఒక్కరు చేస్తే మాత్రం ఫలితం అంతంతే, పక్క చేనిలో పుట్టినవి నడిచి వస్తాయి గదా! మంటల మాట ఎత్తితే రచ్చబండ దగ్గర అందరూ తల ఊపుతారు. వాన పడిన మరునాడు ఎవరి గొర్రు వారిదే.

చేను చుట్టూ ఆముదం, అలసంద వేస్తే గుడ్లు ఎక్కువగా వాటి మీదే పడతాయి. ఆ ఆకులు కోసి నాశనం చేయడం తేలిక. పురుగు నడక మొదలైతే చేనికీ చేనికీ మధ్య అడుగు లోతు కాలువ తీసి, జిల్లేడు, అడవి ఆముదం కొమ్మలు పరచాలి. వాటికింద చేరిన పురుగులను తెల్లవారి చంపవచ్చు. నూగు తగిలితే దద్దుర్లు వస్తాయి, ఒట్టి చేతులతో ఏరరాదు.

వేసవి దుక్కులు దున్నితే ప్యూపాలు పైకి తేలి కాకులు, కొంగల పాలవుతాయి. కాని నాగలి గట్టు మొదట్లోకి, వేపచెట్టు నీడకు పోదు. పురుగు దాగేది అక్కడే. ఆ నాలుగు మూలలూ పారతో తిరగవేయవలసిందే.