పాయింట్ టూ టూ పిస్టల్: కొనేముందు తెలుసుకోవలసినవి

ఎన్‌సీసీలో చేరి ఫైరింగ్‌కి వెళ్లొచ్చినవాళ్లకు పాయింట్ టూ టూ రైఫిల్ గుర్తుండే ఉంటుంది. భుజానికి పెద్దగా దెబ్బ తగలదు, చప్పుడూ తక్కువే. శృంగవరపుకోట లాంటి ఊళ్లో ఆ రుచి మరిగినవాళ్లకు, టీవీలో షూటర్ ఈషా సింగ్‌ని చూసి ఉత్సాహపడిన పిల్లల తల్లిదండ్రులకు వచ్చే సందేహం ఒకటే. సరదాగా గురి చూసి కాల్చుకోవడానికి అదే తూటా వాడే పిస్టల్ కొనుక్కోవచ్చా? కొంటే ఎలాంటిది కొనాలి?

ముందు తూటా సంగతి. పెద్ద తుపాకుల తూటాకు అడుగున మధ్యలో మందు బిళ్ల ఉంటుంది, పిన్ను అక్కడే కొడుతుంది. పాయింట్ టూ టూ తూటాకు ఆ మందు అడుగు అంచు చుట్టూ పూసి ఉంటుంది. పిన్ను అంచును నొక్కితే పేలుతుంది. అందుకే దీన్ని రిమ్‌ఫైర్ అంటారు. ఇప్పుడు ప్రపంచమంతా వాడుతున్న లాంగ్ రైఫిల్ రకం 1887లో వచ్చింది. వ్యాసం 5.6 మిల్లీమీటర్లు, గుండు బరువు రెండున్నర గ్రాముల పైచిలుకు. ధర తక్కువ, కుదుపు తక్కువ కాబట్టి నేర్చుకునేవాళ్లకు ఇంతకంటే మంచి తూటా లేదు.

అలాగని ఆటబొమ్మ కాదు. ఈ చిన్న గుండు కిలోమీటరు దాటి పోగలదు. అరకు రోడ్డు పక్క జీడితోటలో సీసా నిలబెట్టి కాలుద్దామనుకునేవారు అవతల పశువుల కాపరి ఉంటాడని ఊహించుకోవాలి. లైసెన్స్ ఉన్నా సరే, వెనక ఎత్తయిన మట్టికట్ట ఉన్న అధీకృత రేంజ్‌లోనే పేల్చాలి.

లైసెన్స్ మాటకొస్తే, 1959 ఆయుధాల చట్టం ప్రకారం పాయింట్ టూ టూ పిస్టల్‌కు అది తప్పనిసరి. 21 ఏళ్లు నిండాలి, పోలీసు విచారణ జరగాలి. 2019 సవరణ తర్వాత మామూలు లైసెన్స్‌దారు రెండు తుపాకులకు మించి ఉంచుకోకూడదు. పైగా పోటీల్లో కనిపించే విదేశీ పిస్టళ్లను సామాన్యులు దిగుమతి చేసుకోలేరు. ఆ వెసులుబాటు గుర్తింపు పొందిన షూటర్లకే.

అందుకే నా సలహా సూటిగా చెబుతాను: సరదా సాధనకైతే పది మీటర్ల ఎయిర్ పిస్టల్‌తో మొదలుపెట్టండి. 2016 ఆయుధాల నిబంధనల ప్రకారం 4.5 మిల్లీమీటర్ల వ్యాసం, 20 జౌళ్ల శక్తి మించని గాలి తుపాకీకి లైసెన్స్ అక్కర్లేదు. పోటీ ఎయిర్ పిస్టల్ శక్తి ఆరేడు జౌళ్లే. పాయింట్ టూ టూ పిస్టల్‌ది వంద దాటుతుంది. పది మీటర్లకు కాస్త పైగా పొడవున్న హాలు, చివర గుళ్లను ఆపే ఇనప పెట్టె, నేల నుంచి 1.4 మీటర్ల ఎత్తున మధ్య చుక్క వచ్చేలా కాగితం ఉంటే చాలు. కాలుస్తున్నంతసేపూ ఆ హాల్లోకి మరో దారి నుంచి ఎవరూ రాకుండా తలుపు గడియ వేయాలి. గాలి తుపాకీ గుండూ కన్ను పోగొడుతుంది, కళ్లద్దాలు తప్పక పెట్టుకోవాలి.

పాయింట్ టూ టూకి వెళ్లే రోజు వస్తే చూడవలసింది పేరూ మెరుపూ కాదు, గ్రిప్పు. ఖాళీ పిస్టల్‌ను చేత్తో పట్టుకుని, కళ్లు మూసుకుని చెయ్యి చాపి, తర్వాత కళ్లు తెరవండి. ముందు సైటు వెనక సైటు గాడిలో దానంతటదే కూర్చుందా, పక్కకు పోయిందా? పదేపదే పక్కకే పోతుంటే ఆ గ్రిప్పు మీ చేతికి సరిపడదు. ఆ తర్వాత ట్రిగ్గర్. పోటీ నియమం ప్రకారం 25 మీటర్ల పిస్టల్ ట్రిగ్గర్ కనీసం కిలో బరువు మోయాలి. బరువుకన్నా ముఖ్యం, అది ప్రతిసారీ ఒకే చోట తెగడం. పాయింట్ టూ టూ రివాల్వర్‌కు ఏ కంపెనీ లాంగ్ రైఫిల్ తూటా అయినా నడుస్తుంది గానీ, హామర్ ముందే వెనక్కి లాగకపోతే దాని ట్రిగ్గర్ లాగుడు పొడవు, బరువు. గురి నేర్చుకునే చేతికి సెమీ ఆటోమేటిక్కే మేలు. దానికి మాత్రం తూటా విషయంలో పట్టింపు ఎక్కువ. రెండు మూడు రకాలు పేల్చి, చిక్కుకోకుండా నడిచేదాన్ని ఎంచుకోవాలి.

తూటా పేలకపోతే గొట్టాన్ని లక్ష్యం వైపే ఉంచి అర నిమిషం ఆగాలి. రిమ్‌ఫైర్‌లో ఈ తంటా కాస్త ఎక్కువే. చాలా పాయింట్ టూ టూ పిస్టళ్లను ఖాళీగా నొక్కితే పిన్ను గొట్టం అంచునే కొట్టి గాటు పెడుతుంది, డమ్మీ తూటా వాడాలి. గుండు సీసం కాబట్టి రేంజ్ నుంచి రాగానే చేతులు కడిగాకే తిండి ముట్టాలి.

మొదట చెప్పిన హైదరాబాద్ అమ్మాయి ఈషా సింగ్ 13 ఏళ్లకే 2018లో ఎయిర్ పిస్టల్ జాతీయ చాంపియన్ అయింది. 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో 25 మీటర్ల పిస్టల్ జట్టు స్వర్ణం, వ్యక్తిగత రజతం గెలిచింది. ఆ పోటీ రెండో భాగంలో చెయ్యి కిందికి వాల్చి నిలబడాలి; లక్ష్యం మూడు సెకన్లు కనిపించే లోపు చెయ్యెత్తి ఒక్కటే పేల్చాలి. ఏడు సెకన్ల తర్వాత మళ్లీ మూడు సెకన్లు. అక్కడ ఎంత శక్తిగల పిస్టలన్నది లెక్కలోకే రాదు.

అమెరికాలో ఉన్న మన పిల్లలకు ఓ మాట. అక్కడ రూగర్, బ్రౌనింగ్ పాయింట్ టూ టూలు దుకాణంలో వరసగా కనిపిస్తాయి. కానీ హెచ్‌వన్‌బీ లాంటి తాత్కాలిక వీసా మీదున్నవారు తుపాకీ కలిగి ఉండటమే అక్కడి ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. వేట లైసెన్స్ లాంటి కొద్ది మినహాయింపులున్నాయి. వకీలును అడగకుండా ముట్టుకోవద్దు.

ఇక్కడివారు ముందు రైఫిల్ అసోసియేషన్ గుర్తింపున్న క్లబ్బు ఏది దగ్గరో కనుక్కుని చేరండి. అక్కడి పిస్టళ్లతో కొన్ని నెలలు కాల్చండి. లైసెన్స్ దరఖాస్తు ఆ తర్వాతే పెట్టండి.