పనికత్తెలు వెడలిపోయిన యిండ్లు

1945వ సంవత్సరమున యుద్ధము ముగిసినది, ఇంగ్లండు గెలిచినది. అయినను ఆ దేశమున పెద్ద తోటయు, పలు గదులును గల యిండ్ల యజమానురాండ్రు తమ వంటయింటి గుమ్మమున నిలిచి దిక్కు తోచక చూచుచుండిరి. యుద్ధకాలమున కర్మాగారములలో చేరిన పడుచులు పలువురు మరల నొరుల యిండ్లలో పనికి రాలేదు. పన్నులు పెరిగినవి. యుద్ధము జరుగుచుండగా రేషను లేని రొట్టెకు సైతము 1946 జూలై మొదలు 1948 వరకు రేషను విధింపబడెను. మాంసముపై నది 1954 జూలైలో గాని తొలగలేదు. ఈ కలవరమునుండి పుట్టిన నవలలు కొన్ని కలవు. వానిలో మాకు నచ్చినవాటిని సోదరీమణులకు పరిచయము చేయుదుము.

ఆ కాలమున నచ్చటి మధ్యతరగతి యనగా వైద్యులు, న్యాయవాదులు, సైన్యాధికారులు మొదలగువారు. రుసుము చెల్లించి బిడ్డలను ప్రత్యేక పాఠశాలలకు పంపుట, ఇంట నొక పనికత్తెయైన నుండుట వారి గౌరవమునకు గుర్తులుగా నుండెను. చేతిలో పైకము లేకున్నను, నోట మాట వెలువడగానే వారి తరగతి తెలిసిపోయెడిది.

మాలీ పాంటర్-డౌన్స్ 1947లో ప్రకటించిన "వన్ ఫైన్ డే" యను నవలలో కథ యనదగినది మిక్కిలి స్వల్పము. 1946 వేసవిలో నొక్క దినము. వీల్డింగ్ అను పల్లె. లారా మార్షల్ అను గృహిణి. ఆమె భర్త స్టీఫెన్ లండనులో నుద్యోగము చేసి సాయంకాలమునకు రైలులో నింటికి వచ్చును. ఎతెల్, వయొలెట్ అను పనికత్తెలు వెడలిపోయిరి. తోటమాలి యుద్ధమున మరణించెను. గదులలో దుమ్ము, తోటలో కలుపు, అంగడియొద్ద బారులు తీరి నిలుచుట – ఇవియే యామె దినచర్య. లారా తల్లి మాత్రము పూర్వపు మర్యాదలను విడువక, కూతురి బ్రతుకు చూచి నొచ్చుకొనును. సాయంకాలమున పాఱిపోయిన కుక్కను వెదకుచు లారా బారో డౌన్ అను కొండ నెక్కును. అచ్చట శత్రువు కాలిడని తన నేలను కన్నులార చూచి, ఇల్లు చెడినను బ్రతుకు మిగిలినదని తెలిసికొనును. ఆ పుటలు మనోహరములు.

అయినను మాకొక సందేహము కలిగినది. ఎతెల్, వయొలెట్ల కాలము పిమ్మట నెట్లు గడచినది? వారి చేతులమీదుగా ఆ యిల్లు నిలిచియుండెనని నవల పలుమారులు తెలుపుచున్నను, వారి మనస్సులోనికి మనలను గొనిపోదు. లారాకు కష్టమైనది వారికి విడుదల కావచ్చును గదా!

ఈ కొఱతను కొంతవఱకు తీర్చినది మార్ఘనీటా లాస్కీ 1952లో వ్రాసిన "ది విలేజ్". యుద్ధము ముగిసిన రాత్రి వెండీ ట్రెవర్, ఈడిత్ విల్సన్ అను నిరువురు స్త్రీలు రెడ్‌క్రాస్ కేంద్రమున కడపటిసారి కలిసి కూర్చుందురు. ఈడిత్ పూర్వము వెండీ యింట పనిచేసినది. యుద్ధము వారిని సమానులను జేసినది. తెల్లవారిన తరువాత ఆ సమానత్వము నిలువదని యిరువురికిని తెలియును. పిమ్మట వెండీ కూతురు మార్గరెట్టు, ఈడిత్ కుమారుడు రాయ్ ఒకరినొకరు వలచుదురు. రాయ్ అచ్చుకూటమున అక్షరములు కూర్చువాడు. చేతినిండ పనియు, స్థిరమైన రాబడియు గలవాడు. ట్రెవర్ కుటుంబమునకు మిగిలినది పరువొక్కటియే. అట్లయ్యు ఈ పెండ్లి తలపునకు వెండీ తల్లడిల్లును. సంబంధములు చూచునపుడు వరుని సంపాదనకంటె వంశమును లెక్కించుట మన యిండ్లలో నెఱుగని మాట కాదు గావున, వెండీ కోపము మన పాఠకురాండ్రకు సులభముగా బోధపడును.

ఏంజెలా థర్కెల్ నవలలలో నిదే కలవరము సణుగుడుగా మాఱినది. 1945లో నెన్నికైన లేబర్ ప్రభుత్వముపై నామె విసుగు కొన్నియెడల కథను మ్రింగివేయును. బార్బరా పిమ్ 1952లో వ్రాసిన "ఎక్సలెంట్ విమెన్" మాత్రము నవ్వించును. అందు మతగురువు కుమార్తెయైన మిల్డ్రెడ్ లాత్‌బరీ, క్రొత్తగా వచ్చిన పొరుగువారితో స్నానపుగదిని పంచుకొనవలసివచ్చి కలతపడును. అంత చిన్న విషయమున నంత పెద్ద భయమును పట్టి చూపుట యామె నేర్పు.

వీనిలో నొక్కటి మాత్రమే చదువ తీరిక గలవారు ముందుగా లాస్కీ నవలను చేపట్టుదురు గాక. అది చదివిన పిదప లారా కొండ నెక్కిన దినమును చదివినచో, ఎతెల్, వయొలెట్ల పేర్లు వచ్చినచోట్ల కొంత సేపు నిలిచి ముందునకు సాగుదురు.